ఎవరి చేతుల్లోంచి

నేను ప్రసూతి వార్డులో నర్సును. ఆ వార్డులో పదమూడేళ్లు పనిచేశాక నాకు పాప పుట్టింది. అంతకుముందు ఎంతమంది తల్లులకు నిద్ర గురించి ఉపదేశాలు ఇచ్చానో లెక్కలేదు. ఎడమ వైపు తిరిగి పడుకోండి, మోకాళ్ల మధ్య దిండు పెట్టుకోండి, పాప పడుకున్నప్పుడే మీరూ పడుకోండి. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా, నాకు ఆ తల్లులందరూ కాస్త లోకువగానే ఉండేవారు. నా వెనక నన్ను ‘హెడ్మాస్టరమ్మ’ అంటారని తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేదాన్ని కూడా.

ఒకసారి కిటికీ పక్క మంచం మీద ఒక అమ్మాయి, ఇరవై ఏళ్లుంటాయేమో, పాలిస్తూ పాలిస్తూ అలాగే నిద్రలోకి జారిపోయింది. పసిదాని తల మోచేతి మీంచి మంచం అంచుకు వాలి ఉంది. నేను బిడ్డను తీసుకుని ఆ అమ్మాయిని భుజం పట్టి కుదిపి లేపాను. చూడడానికి వచ్చిన బంధువులందరూ అక్కడే ఉన్నారు. “కనగానే సరిపోదమ్మా. కళ్లు తెరుచుకుని ఉండడం కూడా నేర్చుకోవాలి” అన్నాను. ఆ అమ్మాయి దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. మంచి పని చేశాననే అనుకుంటూ నేను పక్క మంచం దగ్గరికి వెళ్లాను.

ఇక ఆశ వదులుకున్నాక, ముప్పై ఏడో ఏట నా కడుపు పండింది. ఏడో నెల దాకా బాగానే గడిచింది. ఎనిమిదో నెల వచ్చేసరికి కంటి మీద కునుకు లేదు. ఎడమకు తిరిగితే గుండెల్లో మంట, కుడికి తిరిగితే నడుం పట్టేయడం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడకపోవడం. గంటకోసారి బాత్‌రూమ్‌కి లేవాలి. తిరిగి వచ్చి వాలేసరికి పిక్కలు కొంకర్లు పోయేవి. నేను ఇన్నాళ్లూ చెప్పిన చిట్కాలన్నీ నా మీదే ప్రయోగించుకున్నాను. ఒక్కటీ పనిచేయలేదు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. కానీ ఆ సంగతి బయటికి రానివ్వలేదు. వార్డులో ఎవరైనా నిద్ర పడుతోందా అని అడిగితే, హాయిగా పడుతోందని చెప్పేదాన్ని.

మా ఆయన లిఫ్టుల మెకానిక్. ఏ భవనంలో లిఫ్టు మధ్యలో ఆగినా, లోపల మనుషులు ఇరుక్కుపోయినా ఫోను ఆయనకే వస్తుంది. రాత్రనీ లేదు, పగలనీ లేదు. అందుకని వాళ్లమ్మను మా ఇంటికి పిలిపించాడు.

అత్తయ్య నలభై ఏళ్లు బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టిన మనిషి. రెండేళ్ల నుంచి చేతులు వణకడం మొదలై మిషను మూలన పెట్టేసింది. ఆవిడ వస్తుందంటే నేను భయపడ్డాను. ఇద్దరు ఆడవాళ్లు ఒక వంటగదిలో ఇమడడం కష్టమని అందరూ అనేదే కదా. తీరా చూస్తే ఆ రెండు నెలల్లో నాకు దొరికిన తోడు ఆవిడ ఒక్కతే. నేను నిద్రపట్టక వరండాలో పచార్లు చేస్తుంటే చప్పుడు కాకుండా లేచి వచ్చి, పాలు వెచ్చచేసి ఇచ్చి, కుర్చీలో కూర్చుని కబుర్లు చెప్పేది. ఒక హెడ్మాస్టరుకు ఒక భుజం ఇంకోదానికంటే అంగుళం కిందికి ఉండేదట. ముప్పై ఏళ్లు ఆయన కోట్లు ఆవిడే కుట్టింది, ప్రతి కోటుకూ ఆ వైపు లోపల ఒక మెత్త పెట్టి. ఆయనకు ఆ సంగతి చివరిదాకా తెలియదట. “చెప్పలేదా అత్తయ్యా?” అని అడిగితే, “ఎందుకు చెప్పడం? ఆయన్ని చిన్నబుచ్చడం తప్ప ఏమొస్తుంది?” అంది. నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

పాప పుట్టింది. గుండ్రటి ముఖం, మధ్యలో రెండు చిన్న కళ్లు. చూడగానే అత్తయ్య ‘బొత్తాం’ అని పేరు పెట్టింది. ఆ బొత్తాం పగలంతా గుర్రు పెట్టి నిద్రపోయేది, దీపాలు పెట్టగానే మొదలుపెట్టేది. పాలిస్తే తాగి ఏడ్చేది, ఎత్తుకుంటే తిప్పమని ఏడ్చేది, తిప్పితే ఎందుకో తెలియకుండా ఏడ్చేది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. నేను తలుపుకు ఆనుకుని నిలబడి నిద్రపోయాను, పళ్లు తోముకుంటూ నిద్రపోయాను. ఒకరోజు పాప గుడ్డలు ఆరేస్తూ తీగ పట్టుకునే కునికాను.

అత్తయ్యే ఒక ఏర్పాటు చేసింది. ఒంటిగంట దాకా నేను, అక్కణ్నించి నాలుగింటిదాకా ఆవిడ. పాపను తీసుకోవడానికి ఆవిడకో పద్ధతి ఉంది. ముందు చాప మీద గోడకు ఆనుకుని కూర్చునేది, కాళ్లు చాపుకునేది, అప్పుడు ఒళ్లో వేయమనేది. ఎత్తుకుని నిలబడేది కాదు. “నా చేతుల్ని నేను నమ్మనమ్మాయ్. నేలనైతే నమ్మొచ్చు” అనేది. దించాలన్నా నన్నే పిలిచేది.

ఆరు వారాలు నిండిన రాత్రి మా ఆయనకు ఫోను వచ్చింది. ఎక్కడో ఆఫీసు భవనంలో కాపలా మనిషి లిఫ్టులో ఇరుక్కుపోయాడు. ఆయన సామాన్ల సంచి తీసుకుని వెళ్లిపోయాడు. అత్తయ్యకు సాయంత్రం నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది. అయినా మాట తప్పకుండా ఒంటిగంటకు లేచి కూర్చుంది. రెండయ్యేసరికి చలి పుట్టింది, నన్ను పిలిచి పాపను తీసుకోమంది. తీసుకున్నాను. మాత్ర వేసి పక్క గదిలో పడుకోబెట్టాను.

పాప పాలకోసం తడుముకుంటోంది. కుర్చీ దాకా వెళ్లే ఓపిక లేక మంచం అంచునే కూర్చున్నాను. పక్కన దిండ్లు పెట్టుకోవాలని తెలుసు. ఆ దిండ్లు చేయి చాపితే అందేంత దూరంలోనే ఉన్నాయి. ఒక్క నిమిషం ఆగి పెట్టుకుందాంలే అనుకున్నాను.

చప్పుడుకి మెలకువ వచ్చింది. మెత్తటి, చిన్న చప్పుడు. ఒళ్లో ఏమీ లేదు. పాప నేలమీద ఉంది. ఒక క్షణం ఏ శబ్దమూ లేదు. ఆ క్షణంలో నాకు ఏమైందో చెప్పలేను. తర్వాత గుక్కపట్టి ఏడ్చింది. నా చేతులు వాటంతటవే పనిచేశాయి: కళ్లలో టార్చి వేసి చూశాయి, కాళ్లూ చేతులూ కదిపి చూశాయి, మాడు తడిమి చూశాయి. చెవి పైన ఎడమ వైపు చిన్న బొప్పి కడుతోంది. అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చి ఏమైందని అడిగింది. “పాప సంచీ తీసుకుని రండి, ఆసుపత్రికి వెళ్లాలి” అని మాత్రం అన్నాను.

దగ్గర్లో ఉన్నది మా ఆసుపత్రే. పిల్లల విభాగంలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు నా దగ్గర పని నేర్చుకున్న పిల్లే. నన్ను చూసి లేచి నిలబడింది. డాక్టరుగారు పాపను పరీక్షిస్తూ అడగవలసిన మొదటి ప్రశ్నే అడిగారు, ఎలా పడిందని. ఆ పిల్ల కలం పట్టుకుని నా ముఖం వంక చూస్తోంది. ఆమెకు కేసు షీటు రాయడం నేర్పింది నేనే. మంచం మీద పాలిస్తూ నిద్రపోయే తల్లుల్ని ఎలా మందలించాలో నేర్పిందీ నేనే.

“మా అత్తగారి చేతుల్లోంచి జారింది” అన్నాను. “ఆవిడకు చేతులు వణుకుతాయి.”

ఆ మాట ముందుగా అనుకున్నది కాదు. కానీ నోరు తడబడలేదు. రెండో వాక్యం మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది. అత్తయ్య తెర పక్కన పాప సంచీ పట్టుకుని నిలబడి ఉంది. నేను అటు చూడలేదు.

నిలబడి ఎత్తుకున్నారా అని డాక్టరుగారు అడిగారు. అవునన్నాను. ఆయన కాసేపు ఆలోచించారు. “మంచం మీంచైతే ఇక్కడే ఉంచి కనిపెట్టి చూసేవాళ్లం. నిలబడ్డ ఎత్తు అంటున్నారు, ఇంత పసిపిల్ల. తలకు స్కాన్ తీయిద్దాం” అన్నారు.

నేను నర్సును. పసిబిడ్డ తలకు రేడియేషన్ తగిలే స్కాన్ ఊరికే తీయకూడదని నాకు తెలుసు. నిజం చెప్పడానికి అప్పటికీ సమయం ఉంది. స్కాన్ గది దాకా నడిచిన నడవా పొడుగునా సమయం ఉంది. పాపను కదలకుండా గుడ్డలో చుట్టి, ఆ పెద్ద యంత్రం నోట్లోకి పంపి, సీసపు కోటు తొడుక్కుని పక్కన నిలబడ్డాను. అప్పుడూ నోరు విప్పలేదు.

స్కాన్‌లో ఏమీ లేదు. తెల్లారేసరికి మా ఆయన గ్రీజు చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ఆయనకు ఫోనులో అదే మాట చెప్పి ఉన్నాను. పాపను చూసుకుని, నుదుటి మీద ముద్దు పెట్టి, నడవాలో బెంచీ మీద కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్లాడు. కోప్పడలేదు. ఆమె పక్కన కూర్చుని, “అమ్మా, ఇకనించీ పాపని ఎత్తుకోకు. నీ తప్పని కాదు. వద్దు, అంతే” అన్నాడు. అత్తయ్య తల ఊపింది. రెండు అడుగుల దూరంలో నేను పాపను భుజాన వేసుకుని నిలబడి ఉన్నాను.

ఇంటికొచ్చాక అత్తయ్య పాపను ముట్టుకోలేదు. వంట చేసేది, గుడ్డలు ఉతికేది, ఇల్లు ఊడ్చేది. పాప ఏడిస్తే గుమ్మం దాకా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూసి వెళ్లిపోయేది. రాత్రిళ్లు పూర్తిగా నావే అయ్యాయి. నిద్ర మాట అలా ఉంచండి, పాప నిద్రపోయినా నాకు కళ్లు మూతపడేవి కావు. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పటి నుంచీ విన్న మాటే. పొద్దున చెబుదాం అనుకునేదాన్ని, పొద్దున ఆయన పనికి వెళ్లే హడావిడి. సాయంత్రం అనుకునేదాన్ని, సాయంత్రం ఆయన అలసిపోయి ఉండేవాడు. అత్తయ్య ఒక్కసారైనా నన్ను నిలదీస్తే బాగుండుననిపించేది. తను పాపను పడేయలేదని ఆవిడకు తెలుసు కదా, ఎందుకు ఊరుకుంది? కొడుకు కాపురం కోసం తప్పు నెత్తిన వేసుకుందని అనుకున్నాను. అలా అనుకుంటే నాకు కాస్త ఊరట. అంతటి పెద్దమనసు ఆవిడది అని మెచ్చుకుంటూ కూర్చోవచ్చు.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఇద్దరం ఆరిన గుడ్డలు మడతపెడుతున్నాం. ఆవిడ ఒక గుడ్డను మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

“అమ్మాయ్, ఒకటి అడుగుతాను, ఏమనుకోకు. ఆ రాత్రి నేను పాపని ఎత్తుకుని లేచానా?”

నా చేతిలో పని ఆగిపోయింది.

“ఎంత ఆలోచించినా నీకిచ్చినట్టే గుర్తు. నువ్వు మాత్ర ఇచ్చావు, నీళ్లు తాగాను. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడు తీసుకున్నానో, ఎందుకు లేచానో ఒక్క ముక్క గుర్తు రావట్లేదు. గోడ పట్టుకుని మీ గదికి వచ్చినట్టు లీలగా ఉంది, జ్వరంలో అంతకుముందే లేచానేమో. నువ్వు చూశావు, చెప్పావు. లేనిది చెప్పే మనిషివి కాదు.” గొంతు తగ్గించి అంది, “మీ ఆసుపత్రిలో మతిమరుపుకి డాక్టరున్నాడటగా. అబ్బాయికి చెప్పకుండా నన్నోసారి తీసుకెళ్తావా?”

ఆవిడ తప్పు నెత్తిన వేసుకోలేదు. నా మాట నమ్మింది. నన్ను నమ్మి తన బుర్రను అనుమానించుకుంది.

ఇప్పుడైనా చెప్పానని మీరు అనుకుంటారు. చెప్పలేదు. “సరే అత్తయ్యా, కనుక్కుంటాను” అన్నాను. రెండు రోజుల తర్వాతకి అపాయింట్‌మెంటు తీసుకున్నాను కూడా. ఈ కథ మొత్తంలో నాకు ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు గుర్తొచ్చి ముఖం వేడెక్కేది ఆ అబద్ధం వల్ల కాదు, ఆ రెండు రోజుల వల్ల.

ఆ ఉదయం అత్తయ్య శుభ్రంగా తల దువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పరీక్షకు వెళ్లే పిల్లలా బయల్దేరింది. పాపను నేను గుండెకు కట్టుకున్నాను. డాక్టరుగారు నెమ్మదస్తుడు. ఆవిడను తారీకు అడిగారు, వారం అడిగారు. మూడు మాటలు చెప్పి గుర్తుపెట్టుకోమన్నారు. వందలోంచి ఏడేసి తీసేస్తూ రమ్మన్నారు. కొలతల లెక్కల్లో నలభై ఏళ్లు బతికిన మనిషి, ఆయన కాగితం చూసుకునేలోపే గడగడా రెండు దాకా వచ్చేసింది. గడియారం బొమ్మ గీయమంటే, గీత వణికింది గానీ అంకెలన్నీ చోటు తప్పకుండా పడ్డాయి. ఆ మూడు మాటలూ వరసగా అప్పజెప్పింది.

డాక్టరుగారు నవ్వి, “అన్నీ బాగానే ఉన్నాయమ్మా. మతిమరుపని మీకెందుకు అనిపించింది?” అని అడిగారు.

అత్తయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని వాటివంక చూస్తూ చెప్పింది. “మనవరాలిని కింద పడేశానండి. అదే నాకు గుర్తు లేదు. అంత పెద్ద విషయం మర్చిపోయానంటే రేపు ఇంకేం మర్చిపోతానో. పొయ్యి ఆర్పానో లేదో, తలుపేశానో లేదో. ఇంట్లో పసిపిల్ల ఉంది.”

“ఆవిడ పడేయలేదు” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. “నేను పడేశాను. పాలిస్తూ నిద్రపోయాను. ఆవిడ పక్క గదిలో జ్వరంతో పడుకుని ఉంది. అబద్ధం చెప్పాను.”

డాక్టరుగారు కలం మూత పెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. అత్తయ్య నా వైపు తిరగలేదు. ఆయన్నే అడిగింది.

“అయితే నా బుర్ర బాగానే ఉన్నట్టేనా?”

“బాగుందమ్మా. చాలా బాగుంది.”

“అయితే సరే” అని లేచింది.

మెట్లు దిగేటప్పుడు చేయి అందించబోయాను. పట్టుకోలేదు, కమ్మీ పట్టుకుని దిగింది. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. నాలుగు స్టాపులు దాటాక కిటికీలోంచి చూస్తూ అడిగింది, “మరి ఆ స్కాను? మంచం మీంచైతే అక్కర్లేదన్నాడుగా డాక్టరు.” నేను తల దించుకున్నాను. తన మీద పడిన అపవాదు కంటే ఆవిడకు ఆ స్కానే ఎక్కువ బాధ కలిగించిందని ఆ ఒక్క ప్రశ్నతో అర్థమైంది.

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. తింటున్నవాడు చేయి కడుక్కున్నాడు. నేను అలసిపోయిన సంగతి, నిద్ర లేని సంగతి మొదలుపెట్టబోతే ఆపాడు. “నిద్రపోయినందుకు నిన్నేమీ అనను. ఎవరైనా నిద్రపోతారు. బెంచీ మీద అమ్మతో నేనా మాట అంటుంటే నువ్వు అక్కడే ఉన్నావు. వింటూ నిలబడ్డావు.” తర్వాత తల్లి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. లోపలి నుంచి ఆయన ఏడుపు వినిపించింది, ఆవిడ ఊరుకోబెట్టడం వినిపించింది. నాతో మూడు రోజులు అవసరానికి మించి మాట్లాడలేదు.

మర్నాడు ఆసుపత్రికి వెళ్లి పాప రికార్డు సరిచేయించాను. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పిల్లే రాసుకుంది. రాస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. చివర్లో సంతకం చేయమని కాగితం నా వైపు తిప్పి, “ఎవరికీ చెప్పను సిస్టర్” అంది. ఆ దయ నాకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. చెప్పినా ఫర్వాలేదన్నాను.

అత్తయ్య తన చెల్లెలి ఇంటికి వెళ్లిపోయింది. ఎన్నాళ్లకని చెప్పలేదు. రోజూ సాయంత్రం కొడుక్కి ఫోను చేసి, దాన్ని బొత్తాం చెవి దగ్గర పెట్టించి ఏదో కూనిరాగం తీసేది. నన్ను అడిగేది కాదు. పదమూడో రోజున చేసంచీతో గుమ్మంలో నిలబడింది. నేను తలుపు తీసి పక్కకు తప్పుకున్నాను. చెప్పులు విప్పుతూ అంది:

“నీకోసం రాలేదు. దానికోసం వచ్చాను.”

“తెలుసత్తయ్యా.”

“తెలియదు నీకు. ఆ రాత్రి నా దగ్గరికొచ్చి, అత్తయ్యా, నాకు తల ఎత్తుకోలేకుండా ఉంది, మీ పేరు చెప్పనా అని అడిగుంటే నేనే చెప్పేదాన్ని డాక్టరుకి. నా చేతుల్లోంచే పడిందని. అడక్కుండా తీసుకున్నావు.” చెప్పులు గోడవారగా పెట్టింది. “పైగా నా బుర్ర పోయిందనుకుంటుంటే చూస్తూ కూర్చున్నావు. అది మర్చిపోవడానికి నాకు టైం పడుతుంది. మతిమరుపు లేదని తేల్చారుగా.”

ఆవిడ నవ్వలేదు. లోపలికి వెళ్లి చేతులు కడుక్కుని పాప దగ్గర కూర్చుంది.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. పాపకు ఎనిమిదో నెలలో మా ఆడపడుచు ఇంటికి అందరం భోజనానికి వెళ్లాం. పద్నాలుగు మంది చేరారు. అత్తయ్య ఒళ్లో పాప ఆడుకుంటుంటే మా ఆడపడుచు నవ్వుతూ వచ్చి, ఇలా ఇవ్వమ్మా, మళ్లీ జారవిడుస్తావు అని లాక్కుంది. బల్ల చుట్టూ అందరూ నవ్వారు. ఆ మొదటి రోజు నేను చెప్పిన మాట మా ఆయన నుంచి ఆమెకు, ఆమె నుంచి చుట్టాలందరికీ ఎప్పుడో చేరిపోయింది. దిద్దిన సంగతి మాత్రం మా గుమ్మం దాటలేదు. మా ఆయన నా వంక చూశాడు, తను చెప్పలేదు. అత్తయ్య ఖాళీ అయిన ఒడిలో బట్ట సర్దుకుంటోంది.

లేచి నిలబడి చెప్పాను. ఎవరు పడేశారో, ఎవరి మీద పెట్టానో, స్కాన్ సంగతి కూడా. ఒకాయన దగ్గాడు. మా ఆడపడుచు పాపను తెచ్చి మళ్లీ తల్లి ఒళ్లో కూర్చోబెట్టింది. నాతో ఆ రోజంతా మాట్లాడలేదు.

పాపకిప్పుడు మూడేళ్లు. అబద్ధం చెప్పింది రెండుసార్లే గానీ, నిజం ఇప్పటికి పదకొండుసార్లు చెప్పవలసి వచ్చింది. ఎప్పుడో ఒకరు, ఏ దూరపు చుట్టమో, ఎదురింటావిడో, పెద్దావిడ చేతుల సంగతి ఎత్తుతారు. మొదట్లో మా ఆయన చెబుతాడేమోనని ఆగేదాన్ని, ఇప్పుడు ఆగడం లేదు. ప్రతిసారీ చెవులు వేడెక్కుతాయి. అత్తయ్య ఆ సమయంలో నా వైపు చూడదు. ఏ బఠాణీలు వలుస్తోందో, ఏ పేపరు చదువుతోందో అది చేస్తూనే ఉంటుంది. కానీ నేను చెప్పడం పూర్తయ్యేదాకా ఆ గదిలోంచి లేచి వెళ్లదు.